పాటకు పెట్టిన పేరు



2023 మార్చిలో "నాటు నాటు" అను తెలుగుపాటకు అమెరికాదేశమున ఆస్కారు బహుమానము వచ్చిన సంగతి పసిపిల్లలు సయితము నెఱుగుదురు. కీరవాణిగారి స్వరము, చంద్రబోసుగారి రచన. ఇంటింటను పండుగయే జరిగినది. అయితే ఆ రాత్రి సభను నడపిన వినోదకారుడు మాటల సందున ఆ చిత్రమును "బాలీవుడ్" చిత్రమనెను. ఇక మనవారి యాగ్రహము చెప్పనలవి కాదు. బాలీవుడ్ అనగా బొంబాయి హిందీ చిత్రసీమ గదా, మన పాటకు ఆ పేరేల యని ఊరూర నడిగిరి. దర్శకులు రాజమౌళిగారు అంతకు కొన్ని వారములకు ముందే, ఇది బాలీవుడ్ చిత్రము కాదు, దక్షిణదేశమునుండి వచ్చిన తెలుగుచిత్రమని అమెరికాలో సభాముఖమున విప్పి చెప్పియుండిరి. చెప్పినను వినువారేరి? మన దేశమునుండి ఏ పాట పోయినను దానిపై నంటించుటకు వారియొద్ద నొక్కటే చీటి యున్నది.

ఈ కోపము న్యాయమైనదే యని మేమును దలంచుచున్నాము. ఇతరులు తమకు తోచిన పేరు మన పాటకు పెట్టి, ఆ పేరుతోనే మనలను చూచినచో మనసు నొచ్చును. ఆ నొప్పి యెట్టిదో మన కిప్పుడు తెలిసినది గనుక, మన యూళ్లలో మనము ఎవరి పాటకు ఏ పేరు పెట్టితిమో చూచుకొనుటకు ఇంతకన్న మంచి సమయము దొరకదు.

ముందుగా అమెరికా కథయే కొంత చెప్పుదుము. ఏలయన, పాటలకు చీటీ లంటించు వ్యాపారము గ్రామఫోను కాలమున అక్కడ బహు నిపుణముగా సాగినది. 1920లో మేమీ స్మిత్ అను నల్లజాతి గాయని "క్రేజీ బ్లూస్" అను పాటను ఓకే కంపెనీవారికి పాడి యిచ్చినది. ఆ రికార్డు విశేషముగా నమ్ముడుపోయినది. నల్లవారును డబ్బిచ్చి రికార్డులు కొందురని కంపెనీల కప్పుడు తెలిసినది. తెలిసిన పిమ్మట వారు చేసిన పని యేమి? నల్లవారి పాటలకు వేఱు పట్టికయు, వేఱు సంఖ్యలును ఏర్పఱచి "రేస్ రికార్డులు", అనగా జాతి రికార్డులు, అని పేరిడిరి. దక్షిణపు కొండపల్లెల తెల్లవారి పాటలకు "హిల్‌బిల్లీ" అని మఱియొక పేరు. కొండమోటువాడని దాని భావము, అదియు మర్యాదమాట కాదు. వినువారి చెవికి ఈ రెండును అంత దూరపు సంగీతములు కావు. ఒకే పాటను ఇరుతెగలవారును పాడిన సందర్భములు పెక్కులు. తెల్లవారి పల్లెపాటకు ప్రాణమనదగిన బాంజో యను తీగవాద్యము, ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారు తమ జ్ఞాపకములో మోసికొని పోయినదే. అంగడిలోని అరలు పాటను బట్టి వేఱుపడలేదు. పాడువారి చర్మమును బట్టి వేఱుపడినవి.

అక్కడ "బిల్‌బోర్డ్" అను పత్రిక ఏ పాట యెంత ప్రచారమందెనో వారమువారము పట్టికలు వేయును. 1945లో ఆ పత్రిక నల్లవారి పాటల పట్టికకు "రేస్" అను మాటనే శీర్షికగా పెట్టినది. 1949 జూనులో దానిని తీసివైచి "రిథమ్ అండ్ బ్లూస్" అని మార్చినది. పేరు మృదువాయెను, గోడ మాత్రము కదలలేదు. 2019లో లిల్ నాస్ ఎక్స్ అను నల్లజాతి యువకుని "ఓల్డ్ టౌన్ రోడ్" అను పాటను కంట్రీ లక్షణములు చాలవని అదే పత్రిక కంట్రీ పట్టికనుండి తొలగించినది. ఆ పాటయే అన్ని పాటలకు గలిపి వేయు పట్టికలో 19 వారములు మొదటి స్థానమున నిలిచినది! 2020లో గ్రామీ బహుమానములవారు "అర్బన్" అను మాట గల యొక శీర్షికను, "వరల్డ్ మ్యూజిక్" అను మఱియొక శీర్షికను మార్చిరి. అర్బన్ అనగా పట్టణపుదని గదా యర్థము. నల్లవారిదని బాహాటముగా ననలేక అనెడి మాటగా నది స్థిరపడినదని గాయకులే మొఱపెట్టిరి. 2025లో బియాన్సే కంట్రీ సంపుటమునకు ఆ బహుమానము గైకొన్న మొదటి నల్లజాతి వ్యక్తి యాయెను. మేమీ స్మిత్ పాడిననాటినుండి నూఱేండ్లు దాటినవి.

మన దేశమున ఇదే పని కులమును బట్టి జరిగినది. తుళ్లూరు సోదరీమణులకు పొన్నెకల్లు తెలియని యూరు కాదు. ప్రక్కనున్న తాడికొండ మండలములోనిదే. బుర్రకథకు పితామహుడని పేరొందిన షేక్ నాజర్‌గారు 1920లో జన్మించినది అక్కడనే. మన మీనాడు బుర్రకథ యనుదానికి పూర్వము "జంగముకథ" యని పేరు. జంగములు ఆలుమగలు గలసి తంబురతో, గుమ్మెటతో ఊరూర తిరిగి కథ చెప్పి, పెట్టిన గింజలు గైకొని పోయెడివారు. కులమే పాటకు పేరైనప్పుడు ఆ కులమువారు దానిని విడువలేరు, తక్కినవారు దానిని ముట్టరు. 1943 మొదలుగా ప్రజానాట్యమండలివారు ఆ కథను చేపట్టినప్పుడు "బుర్రకథ" యను పేరు దేశమంతట వ్యాపించినది. బుర్ర యనగా తంబుర క్రిందనుండు సొరకాయబుర్ర యని పలువురు చెప్పుదురు. పేరు కులమును వీడి వాద్యమును చేరగానే తలుపు తెఱచికొన్నది. నాజర్‌గారివంటి మహమ్మదీయుడు దానికి మేటి కథకుడాయెను. మోటూరి ఉదయముగారు తోడి స్త్రీలతో దళము గట్టి, కిక్కిఱిసిన సభలలో కథ చెప్పిరి. సంసారస్త్రీలు గుమ్మెట చేబూని వేదిక యెక్కుట ఆ దినములలో సామాన్యమా? 1954లో వచ్చిన "అగ్గిరాముడు" చిత్రమున నాజర్‌గారు చెప్పిన అల్లూరి సీతారామరాజు కథను చూచి పులకించిన పెద్దలు నేటికిని మన యిండ్లలో గలరు.

అయితే దీనికి రెండవ ప్రక్కయు గలదు. పాత పేరుతోబాటు జంగముల తలంపును మాసిపోయినది. దళములు గట్టినవారి పేర్లు పుస్తకముల కెక్కినవి. అంతకుముందు తరతరములుగా ఆ నడకలను, ఆ వంతపాటను నోటనుంచుకొని కాపాడిన జంగమాండ్ర పేర్లు మాకు ఏ పుస్తకమునను గానరాలేదు.

నాజర్‌గారి విషయమున నింకొక చిత్రము చెప్పవలెను. ఆయన పుట్టినది దూదేకుల కులమున. మన ప్రత్తిభూములలో ప్రత్తిని ఏకి దూది చేసినవారు, పఱుపులు కుట్టినవారు వారు. వారికే పింజారులని మఱియొక పేరు. మన తాతముత్తాతలు సుఖముగా పండుకొన్నది వారు కుట్టిన పఱుపులమీదనే. ఐనను ఆ మాటను మనము తిట్టుగా జేసికొంటిమి. కోపము వచ్చినచో నేటికిని కొందఱి నోట నది దొర్లుచుండును. 1986లో పద్మశ్రీ బిరుదమందిన ఆ మహాకళాకారుని ఆత్మకథకు పేరేమనుకొన్నారు? "పింజారి". అటులనే ప్రకాశము జిల్లా ఈదుముడి గ్రామమున 1994 జూలైలో మాదిగ దండోరా ఉద్యమము పుట్టినప్పుడు, ఉద్యమకారులు కులమును, డప్పు చాటింపును రెండింటిని గలిపి తమకు తామే పేరు పెట్టుకొనిరి. అమెరికాలోను "రేస్" అను మాటను నల్లవారి పత్రికలు ఆ కాలమున అభిమానముతోనే వాడెడివి. కనుక ఫలానా మాట చెడ్డదని పట్టిక వ్రాసికొని కూర్చుండుటవలన మనకు మేలు కలుగదు. ఆ మాటను ఎవరు ఎవరిమీద వైచిరి, దానివలన ఎవరి కూలి తగ్గినది, ఎవరు పందిటి వెలుపల నిలిచిరి యని చూడవలెను.

ఇటీవల ఆ ప్రాంతమునుండియే ఒక సోదరి మా కొక జాబు వ్రాసినది. వారింట పెండ్లికి సన్నాయివారిని పిలిచి, "మంగళవాద్యము" అను శీర్షిక క్రింద వారి పేర్లు శుభలేఖలో అచ్చువేయించిరట. డప్పువారినిగూడ పిలిచిరట గాని, వారి నేమని వేయవలెనో తోచక మానిరట. "జానపదవాద్యము అని వేసియుండిన మర్యాదగా నుండెడిదా?" యని ఆమె ప్రశ్న. మంచి మనసుతో నడిగినదని జాబు చదువగనే తెలియుచున్నది.

డప్పు అనుటకే సంకోచమేల, అమ్మా? కఱ్ఱచట్రమునకు తోలు బిగించి, వాయించుటకు ముందు నిప్పుసెగను గాచి నాదము గుదుర్తురు. ఒకచేత చిటికెనపుల్ల, మఱియొకచేత సిఱ్ఱ. పెండ్లికొక దరువు, జాతరకొక దరువు, చావునకొకటి, చాటింపునకొకటి. ఏ దరువు మ్రోగుచున్నదో విని, మంచము దిగలేని ముసలమ్మ సయితము ఊరిలో నేమి జరుగుచున్నదో చెప్పగలదు. ఇంత వివరమైన విద్యను మనము "చావుడప్పు" అందుము. తన్ను దాను పొగడుకొనువాడు "సొంతడప్పు" కొట్టుకొనుచున్నాడందుము. వార్తాపత్రికలవారు ఆ మాటను పెద్దయక్షరములతో శీర్షికల కెక్కింతురు. మృదంగమును గూర్చి యిట్టి యెగతాళిమాట యొక్కటియు మాకు స్ఫురించుట లేదు. మృదంగమునకు మాత్రము తోలు గాక మఱేమి? ఆ తోలును పదును చేసి మూయుచున్నవారిలో ననేకులు దళితులే. అరవదేశమున అట్టివారి కుటుంబములను గూర్చి గాయకులు టి.ఎం. కృష్ణగారు 2020లో ఒక గ్రంథమే ప్రకటించిరి. తోలు వారిదే, చెవి వారిదే. విద్వాంసుడను పేరు మాత్రము వాయించువానిది.

మన ప్రభుత్వమువారు పింఛనుల పట్టికలో "డప్పు కళాకారులు" అని చేర్చి, 2024 జూలై మొదలు నెలకు 4000 రూపాయలుగా నిర్ణయించిరి. కళాకారులని వ్రాయుట మంచిదే, సొమ్మును మంచిదే. ఆ పేరు వృద్ధులు, వితంతువులు, కల్లుగీతవారు, చెప్పులు కుట్టువారు గల పట్టికలో నున్నది. సంగీతమున పెద్దలైనవారి పట్టికలలో ఒక డప్పు వాయించువానిని ఎన్నడు చూతుమో!

ఆ సోదరి ప్రశ్నకు మా సమాధానమిది. "డప్పువాద్యము" అని వేయించి, దాని క్రింద బృందపెద్ద పేరును, ఊరిని వేయించుడు, సన్నాయివారికి వేసినట్లే. "జానపద" మను మాట మీ యింటి పెండ్లికి వచ్చిన నలుగురు మనుష్యులలో నెవ్వరి పేరును గాదు. మఱియొక సంగతి: అచ్చులో పేరుండి, విస్తరి పందిటి వెలుపల వేసినచో ఆ అచ్చునకు విలువ లేదు. ఆ వడ్డన వరుసను నిర్ణయించునది సాధారణముగా ఇల్లాలే.

సన్నాయివారికి మాత్రము పేరు సుఖముగా నున్నదా? కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు శ్రీరంగమున స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీతకళానిధి బిరుదమందిరి. వారి శిష్యురాలు కాలీషాబీ మహబూబ్‌గారు భర్త షేక్ మహబూబ్ సుభానీగారితో గలసి 2020లో పద్మశ్రీ నందిరి. వీరిని గూర్చి ఏ పత్రిక వ్రాసినను మొదటి మాట "ముస్లిం నాదస్వర విద్వాంసుడు". ఆమె యైనచో "ముస్లిం మహిళా నాదస్వర విద్వాంసురాలు". మెచ్చుకొనుచునే వ్రాయుదురు, కాదనము. కాని మఱియొకరు వాయించినపుడు "హిందూ పురుష నాదస్వర విద్వాంసుడు" అని వ్రాసినవారిని చూచితిరా? ఆయన కల్యాణి యెట్లు వాయించెను, ఆమె ఊపిరి యెంతసేపు నిలిచెను అను ముచ్చటకు వచ్చుసరికి పత్రికలో స్థలము చాలదు.

స్త్రీల విషయమున ఈ చీటీలు మఱింత వింతగా నుండెడివి. పూర్వము పదములు, జావళీలు ఇండ్లలో "భోగముపాటలు" అనిపించుకొనెడివి. ఇంటిపిల్ల కొంచెము గొంతెత్తి రాగము దీసినచో, భోగముదానివలె నేమా పాటయని అమ్మమ్మలు కసరెడివారు. గొంతు బాగుండుటయే నేరము. ఇరువదవ శతాబ్దపు తొలిదినములలో చిత్తరంజన్ దాసుగారి సోదరి అమలాదాస్ రవీంద్రుని పాటలు గ్రామఫోనుకు పాడినపుడు, రికార్డుమీది కాగితమున "మిస్ దాస్ (అమెచ్యూర్)" అని ముద్రించిరి. అమెచ్యూర్ అనగా వృత్తికై పాడునది కాదు, కుటుంబస్త్రీ యని కొనువారికి సూచన. ఆ కుండలీకరణములలోని యొక్క మాట, పాటతో జీవించుచున్న తక్కిన గాయనులందఱి మర్యాదను దీసివైచినది.

ఇక "స్త్రీల పాటలు" అను శీర్షిక మనయందఱకు ప్రియమైనది. సీతమ్మవారి వేవిళ్లు, ఊర్మిళాదేవి నిద్ర, తలుపు దగ్గఱి పాటలు, మంగళహారతులు. ఇవన్నియు మన పెద్దముత్తైదువల నోట విని నేర్చినవే. అయితే ఆ శీర్షిక గల సంకలనములను తిరుగవేసి చూడుడు. ఎక్కువభాగము గడప లోపలి స్త్రీల పాటలే. మాఘఫాల్గుణములలో మన మిరపచేలలో వంగి కాయలు కోయుచు, అంతకుముందు ప్రత్తి తీయుచు పాడునవి ఏవి? అవి వేఱొక పుస్తకమున "జానపదగేయములు", "శ్రామికగేయములు" అను పేర నుండును. పాడినవారు స్త్రీలు కారా? వారికిని పుట్టింటిమీద బెంగ, అత్తయింటి కష్టము, పురిటినొప్పి లేవా?

నండూరి సుబ్బారావుగారి యెంకిపాటలు 1925లో పుస్తకరూపమున వచ్చినవి. పల్లెజనుల నుడికారమున వ్రాసిన ఆ పాటలను మొదట మోటువని ఈసడించిన పండితులు గలరు. సుబ్బారావుగారు నరసరావుపేటలో న్యాయవాది. కాలక్రమమున ఆ పాటలు గొప్ప గాయకుల కంఠములనెక్కి, ఆకాశవాణిలో లలితసంగీతమను పేర ఇంటింట మ్రోగినవి. అవి మాకును ప్రాణమే. అయినను అదే నుడికారమున కూలికి పోవు స్త్రీ తానే కట్టి పాడినది జానపదము, న్యాయవాదిగారు కట్టినది లలితము అగుటకు రాగతాళములలో కారణము వెదకిన మాకు దొరకలేదు.

జానపదమను మాటకు డబ్బు సంబంధమును గలదు. జానపదమనగా కర్త లేడు, కర్త లేడనగా ఎవరికిని ఇయ్యవలసినది లేదు అని చిత్రములవారికి, టెలివిజనువారికి, యూట్యూబులో పాటలు పెట్టువారికి ఒక సదుపాయము. 2021లో "లవ్ స్టోరీ" చిత్రములోని "సారంగదరియా" పాటను సుద్దాల అశోక్‌తేజగారు వ్రాయగా మంగ్లీగారు పాడిరి. ఆ పాటను అంతకుముందే టెలివిజనులో పాడిన కోమలి యను యువతి, మఱి నా మాటేమి యని అడిగినది. ఆ సంగతిపై చాల వాదము జరిగినది; దర్శకులు శేఖర్ కమ్ములగారు ఆమెకు తగిన గుర్తింపు నిత్తుమని ప్రకటించిరి. వాదములో న్యాయమెవరిది యని తీర్పుచెప్పుట మా పని కాదు. ఆమె నోరువిప్పి అడిగినది గనుకనే కోమలి యను పేరు మన కందఱకు తెలిసినది. అడుగనివారి పాటలు "ఫోక్ సాంగ్", "డీజే సాంగ్", "మాస్ బీట్" అను పేరులతో ఊరేగుచున్నవి. మాస్ అనగా జనసామాన్యము గదా. తుళ్లూరులో ఆ పాటకు గంతులు వేయని యింటి పిల్లవాని పేరు చెప్పుడు! వేడుకకు మనదే, పేరునకు మాత్రము వారిది.

మిరపకోతలు రానున్నవి. దూరపు జిల్లాలనుండి కూలికి వచ్చు స్త్రీలు మీ చేలలో పాడుదురు. మీలో వ్రాత నేర్చినవారందఱు ఒక్కొక్క పాటనైనను వ్రాసి మాకు పంపగోరుచున్నాము. అడుగకుండ వ్రాయవలదు, పాడినామె సమ్మతిని ముందుగా తీసికొనుడు. ఆమె సరేయన్నచో ఆమె పేరును, ఊరును, పాట ఎవరియొద్ద నేర్చినదో ఆ సంగతియు వ్రాయుడు. దానికి శీర్షిక మీరు పెట్టవలదు, మేమును పెట్టము. ఆ పాటను తాను ఏమని పిలుచునో ఆమెనే యడిగి ఆ పేరే వ్రాసి పంపుడు, అటులనే అచ్చువేయుదుము.